గంగాతీరమున గరుడసేవ

తిరుమల బ్రహ్మోత్సవములలో ఐదవనాటి రాత్రి జరుగు గరుడసేవను దర్శింపవలెనని భక్తకోటి దూరదేశములనుండి తరలివచ్చును. మూలవిరాట్టునకు అలంకారములైన మకరకంఠియు, లక్ష్మీహారమును, సహస్రనామమాలయు ఆ రాత్రి మలయప్పస్వామి వక్షమున ప్రకాశించును. స్వామికి వాహనములు పెక్కు కలవు. ఐనను గరుడవాహనమునకు గల ప్రాశస్త్యము మరియొకదానికి లేదు. పెద్దలు గరుత్మంతుని దాసునిగను, సఖునిగను, ధ్వజముగను సంభావించిరి. వైకుంఠమున నిత్యసూరులలో ఆయన యొకడు. శ్రీవైష్ణవ గృహములలో ఆ పక్షిరాజును తలవని దినము లేదు.

గరుడసేవ యను మాటకు రెండర్థములు చెప్పవచ్చును. గరుడునిపై వేంచేసిన స్వామిని సేవించుట మొదటిది. గరుడునే సేవించుట రెండవది. మొదటిది లక్షలాది జనులకు తెలిసినది. రెండవదానిని ఉత్తరదేశమున గంగాతీరమందు కొందరు రైతులు, పడవవారు, విద్యార్థులు, గృహిణులు చెట్లక్రిందను, ఇసుకతిన్నెలమీదను నిలిచి ఆచరించుచున్నారు. వారికి అర్చకత్వము లేదు. శాస్త్రపాండిత్యమును పలువురకు లేదు. ఐనను వారు చేయుచున్న పని కైంకర్యమను పేరునకు తగినదా కాదా యని విచారించుట యాత్రికులకును, గృహస్థులకును మేలు కలిగించును.

జాహ్నవి వెలసిన నేల

బీహారు రాష్ట్రమునందలి భాగల్పూరు ప్రాంతము తెలుగు యాత్రికులకు అంతగా పరిచయమైనది కాదు. కాశీ, ప్రయాగ, గయలను సేవించి తిరుగుముఖము పట్టువారే యెక్కువ. కాని పురాణశ్రవణము చేసినవారికి ఆ నేల క్రొత్తది కాజాలదు. భగీరథుని వెంట వచ్చుచు తన ఆశ్రమమును ముంచెత్తిన గంగను జహ్నుమహర్షి ఆపోశనము పట్టి, పిమ్మట భగీరథుని ప్రార్థనపై విడిచిపెట్టిన కథ ప్రసిద్ధము. నాటినుండి ఆ తల్లి జాహ్నవి యైనది. ఆ ఆశ్రమస్థలము భాగల్పూరునకు పడమట గల సుల్తాన్‌గంజ్ యని ఆ ప్రాంతమువారి విశ్వాసము. అచ్చట గంగ ఉత్తరవాహినియై ప్రవహించును. శ్రావణమాసమున లక్షలాది జనులు అచ్చటి జలమును కావడులలో నింపుకొని, నూరు కిలోమీటర్లకు పైగా నడచి వైద్యనాథధామమునకు చేరుదురు.

ఆ ప్రాంతమునకు దక్షిణమున, బాంకా జిల్లాలో, ఒక ఏకశిలాపర్వతము కలదు. దాని పేరు మందారగిరి. క్షీరసాగరమథనమున కవ్వమైన మందరము ఇదియే యని స్థలపురాణము. గిరికి సమీపమున బౌంసీ గ్రామమందు మధుసూదనస్వామి ఆలయము వెలసియున్నది. ఒకచోట జాహ్నవి; మరియొకచోట కూర్మరూపుడైన స్వామి వీపున మోసిన కొండ; ఇట్టి నేలపై జలచరములకును, పక్షులకును ఆశ్రయము లభించుట సముచితమే గదా!

సుల్తాన్‌గంజ్ మొదలు కహల్‌గావ్ వరకు దాదాపు 60 కిలోమీటర్ల గంగాప్రవాహమును 1991లో ప్రభుత్వము డాల్ఫిన్ల అభయారణ్యముగా ప్రకటించినది. సమీపమున శిథిలమై యున్న ప్రాచీన విశ్వవిద్యాలయము పేర దీనికి విక్రమశిలా అభయారణ్యమని నామకరణము జరిగినది. అరణ్యమన్నంతనే చెట్లు గుర్తునకు వచ్చును. ఇచ్చట ప్రవహించు నీరే అరణ్యము. దానికి కంచె లేదు, ద్వారము లేదు. పడవలు పోవుచునే యుండును. స్నానఘట్టములు, శ్మశానములు, పట్టణపు మురుగు కాలువలు అన్నియు దానిలోనే కలవు. అరువది కిలోమీటర్ల నీటిని కొద్దిమంది ఉద్యోగులు మాత్రమే కావలికాయుట దుస్సాధ్యము. చట్టము హద్దులు నిర్ణయింపగలదు. ఆ హద్దులకు ప్రాణము పోయవలసినవారు తీరవాసులే.

కదంబవృక్షముల మీది గరుడులు

గంగకు ఉత్తరమున, కోసీ నది గంగను సమీపించు ప్రదేశమున, వరదలు వచ్చి పోవు లంకభూములు విస్తారముగ కలవు. వానిని అచ్చటివారు దియారా యందురు. నౌగఛియా ప్రాంతమందలి కద్వా దియారా యట్టిది. 2006-07 సంవత్సరములలో ఆ గ్రామముల చెట్లమీద ఒక పెద్ద కొంగజాతి పక్షి గూళ్లు కట్టి పిల్లలను పెంచుచున్న సంగతి పక్షిశాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చినది. నాడు లెక్కకు వచ్చినవి 78 పక్షులు మాత్రమే. లోకమందు ఈ పక్షి గూడుకట్టు ప్రదేశములు మూడే: అస్సాము, బీహారు, కంబోడియా. ఒకప్పుడు ఉత్తరభారతమంతట, కలకత్తా వీథులలో సయితము, ఇవి గుంపులుగ తిరిగెడివి. కలకత్తా నగరపు పాత రాజచిహ్నముపై సయితము ఈ పక్షి బొమ్మ యుండెడిది. చిత్తడినేలలు ఎండి, పెద్దచెట్లు కూలి, క్రమముగ కనుమరుగైనవి.

ఆ పక్షిని గ్రామీణులు ఏ పేర పిలుచుచుండిరనగా, గరుడ యని. విష్ణువాహనమని నమ్మి దానికి కీడు తలపెట్టరైరి. కద్వా గ్రామమున అవి కదంబ, బూరుగ, రావిచెట్లమీద గూళ్లు కట్టును. భాగల్పూరునకు చెందిన మందార్ నేచర్ క్లబ్ అను స్వచ్ఛందసంఘమువారు ఊరూర తిరిగి, ఈ పక్షి ఎంత అరుదైనదో, ఆ ఊరి చెట్లపై దాని వంశమెట్లు నిలిచియున్నదో గ్రామస్థులకు వివరించిరి. విశ్వాసమునకు వివేకము తోడైనది. గూళ్లున్న చెట్లను కొట్టరాదని గ్రామస్థులు కట్టుబడిరి. గూటినుండి జారిపడు పిల్లలకు దెబ్బ తగులకుండ చెట్లక్రింద వలలు కట్టుటయు, గాయపడినవానిని భాగల్పూరులో గరుడులకొరకు నెలకొల్పిన చికిత్సాకేంద్రమునకు చేర్చుటయు, కోలుకొనినవెనుక తిరిగి వదలుటయు అలవాటైనది. ఆ 78 పక్షులు కాలక్రమమున అనేక వందలకు పెరిగినవి.

ఒక గూటిచెట్టును నిలుపుట సులభమని తలపరాదు. పెద్ద కదంబము కొట్టి అమ్మినచో పేదరైతునకు ధనము లభించును. ఇంటిపెండ్లికో, పైరుపెట్టుబడికో అది అక్కరకు వచ్చును. దానిని కొట్టక నిలుపుట యనగా చేతికి అందిన ధనమును విడుచుటయే. హుండీలో వేసిన కానుకకు లెక్క కలదు. చెట్టుమీద విడిచిన కానుకను లెక్కించువాడు స్వామి ఒక్కడే.

ఇది గరుడుడేనా?

ఇచ్చట ఒక సందేహము కలుగవచ్చును. తెలుగునాట గరుడపక్షి యనగా తెల్లని మెడయు, ఇటుకరంగు రెక్కలును గల అందమైన పక్షి. ఆలయశిఖరముపై అది ప్రదక్షిణము చేయగా చూచి చేతులు జోడింతురు. కద్వా గ్రామపు పక్షియో, దాదాపు ఐదడుగుల యెత్తు, తల బోడి, మెడనుండి వ్రేలాడు తోలుతిత్తి, బలమైన పొడవు ముక్కు. చేపలు, కప్పలు, పాములు, ఎలుకలు మాత్రమేకాక కుళ్లిన కళేబరములను సయితము తినును. గూటిక్రింద దుర్గంధము. ఇట్టి పక్షియా వేదాత్మకుడైన గరుత్మంతుని పేర పిలువదగినది?

ఈ సందేహమునకు శ్రీమద్రామాయణమే సమాధానము. వినతాదేవి పుత్రులు అరుణుడును గరుడుడును. అరుణుని కుమారులు సంపాతియు జటాయువును. కావున గరుత్మంతునకు స్వయముగ సోదరుని కుమారుడైన జటాయువు ఒక గ్రద్ద. లోకము అపవిత్రమని దూరముగ నుంచు జాతివాడు. సీతమ్మను అపహరించి పోవుచున్న రావణుని ఎదిరించి, రెక్కలు తెగి నేల కూలిన ఆ వృద్ధపక్షిని శ్రీరామచంద్రుడు కౌగిలించుకొనెను. సీతాహరణదుఃఖముకంటె ఆ పక్షి మరణమే తన్ను ఎక్కువగ కలచివైచినదని పలికెను. తన చేతులతో చితి పేర్చి, అగ్నిసంస్కారము చేసి, తమ్మునితో గోదావరికి పోయి ఉదకమిచ్చెను. దశరథునకు స్వయముగ చేయలేకపోయిన అంత్యక్రియను ఒక గ్రద్దకు చేసెను! కాంచీపురసమీపమునందలి తిరుప్పుట్కుళి దివ్యదేశము నేటికిని ఆ జటాయుసంస్కారమును స్మరింపజేయుచున్నది.

రూపమును చూచి స్వామి కటాక్షమును కొలువరాదు. మత్స్యమును, కూర్మమును, బురదలో దిగిన వరాహమును తన రూపములుగ స్వీకరించినవాడు ఏ ప్రాణిని అంటరానిదానిగ తలచును? చేతనాచేతనములన్నియు పరమాత్మకు శరీరమనియు, ఆయన వానికి ఆత్మయనియు భగవద్రామానుజులు ఉపదేశించిరి. శరీరమున ఏ అంగమునకు దెబ్బ తగిలినను బాధ శరీరికే. కద్వా గ్రామీణులు పక్షిశాస్త్రము ననుసరించి పేరు పెట్టలేదు. నమ్మకముతో పిలిచిరి, ఆ పిలుపే పక్షికి కవచమైనది. కళేబరములను తిని ఊరిని శుభ్రపరచుటయు, ఎలుకలను పట్టుటయు ఆ పక్షి తిరిగి చేయు ఉపకారము.

నీటిలోని అంధప్రాణి, నీటిపై బ్రతుకు పేద

చెట్టుమీది పక్షికి పేరే రక్షణమైనది. నీటిలోని డాల్ఫిన్‌కు అట్టి సౌలభ్యము లేదు. అది కంటికి కనబడునది క్షణకాలమే. గంగా డాల్ఫిన్ చేప కాదు. పిల్లను కని పాలిచ్చు ప్రాణి. దానికి దాదాపుగ చూపు లేదు. బురదనీటిలో తాను చేయు ధ్వని తిరిగివచ్చుటను బట్టి దారిని, ఆహారమును కనుగొనును. ఊపిరికొరకు ఒకటి రెండు నిమిషములకొకసారి నీటిపైకి వచ్చును. ఆ శ్వాసధ్వనిని బట్టియే తీరవాసులు దానిని సూసు, సోంస్ అని పిలుతురు. గంగాదేవి వాహనమైన మకరమును ఈ ప్రాణియందే చూచువారును కలరు. రెండు మూడేండ్లకు ఒక పిల్ల మాత్రమే పుట్టును. అశోకుని స్తంభశాసనమునందు చంపరాని ప్రాణుల పట్టికలో గంగతో చేరిన పేరు గల జలచరము ఇదియే యని పండితులు భావించుచున్నారు. 2009లో భారతప్రభుత్వము దీనిని జాతీయ జలచరముగా ప్రకటించినది. 2021-23 నడుమ జరిపిన లెక్కింపులో దేశమందలి నదీ డాల్ఫిన్లు 6,327గా తేలినవి. వానిలో ఉత్తరప్రదేశమున 2,397, బీహారున 2,220.

ఈ ప్రాణికి ప్రధానశత్రువు జాలరి వల. చూపు లేని ప్రాణి సన్నని నైలాను దారమును గుర్తింపలేక చిక్కుకొనును. పైకి వచ్చి ఊపిరి పీల్చుకొనజాలక నీటిలోనే ఊపిరాడక మరణించును. దాని నూనెను చేపలకు ఎరగ వాడు దురాచారము వలనను అది హతమైనది. ఆనకట్టలు నీటిని తగ్గించినవి. మురుగు నీటిని చెరచినది.

ఐతే జాలరిని దోషిగ నిలిపి తీర్పు చెప్పుట తొందరపాటు. ఈ నీటిపై వాని చరిత్ర దుఃఖమయము. సుల్తాన్‌గంజ్ మొదలు పీర్‌పైంతీ వరకు గల గంగాప్రవాహముపై తరతరములుగ జలజమీందారులు పన్ను వసూలుచేయుచుండిరి. ప్రవహించు గంగకు యజమానులట! నీటిలో వల వేయుటకు పేదవాడు వారికి కప్పము కట్టవలసివచ్చెడిది. 1982లో కహల్‌గావ్‌న జాలరులు గంగాముక్తి ఉద్యమము నారంభించి, శాంతియుతముగ ఏండ్లతరబడి పోరాడి, 1991లో ఆ బంధనమును తెంచుకొనిరి. అదే సంవత్సరమున అదే నీటిలో అభయారణ్యము వెలసినది. ఏండ్లతరబడి పోరాడి పొందిన నీటిపై మరల నిషేధములు వచ్చునేమోనని వారు శంకించుట సహజము కాదా?

గంగాతీరమున రామునకు మొదట ఆశ్రయమిచ్చినవాడు నిషాదుడు. శృంగిబేరపురాధీశుడైన గుహుని సఖునిగ గైకొని, ఆతని పడవలోనే స్వామి గంగను దాటెను. తిరుమంగై ఆళ్వారు శ్రీరంగనాథుని సన్నిధిని శరణువేడుచు, గుహుని జాతిని చూడక సఖ్యమిచ్చిన ఆ కృపనే స్మరించెను. అట్టి గుహుని సంతతిని దూరముచేసి గంగాప్రాణులను రక్షింపబూనుట స్వామికి ప్రీతికరమగునా? గజేంద్రమోక్షమున స్వామి ఏనుగును రక్షించుటతో విరమింపలేదు; మొసలికిని శాపమోచనము కలిగించెను. ఇరుపక్షములకు మేలుకలిగిన రక్షణయే పూర్ణరక్షణ.

ఈ మర్మము నెరిగినవారే నిజమైన సేవకులు. గంగ ప్రవహించు ఐదు రాష్ట్రములలో, ఉత్తరాఖండము మొదలు పశ్చిమవంగము వరకు, గంగా ప్రహరీలను పేర స్వచ్ఛందసేవకులు కలరు. భారత వన్యప్రాణి సంస్థవారు వారికి శిక్షణ నిచ్చిరి. తెలుగున ప్రహరి యనగా చుట్టుగోడ. హిందీభాషలో ప్రహరీ యనగా కావలివాడు. గోడ లేని నీటి అరణ్యమునకు ఈ మనుష్యులే ప్రహరి! వారిలో తీరగ్రామములవారే అధికులు. స్త్రీలును పెక్కుమంది కలరు. వలలో చిక్కిన ప్రాణిని విడిపించు విధము, తాబేళ్ల గూళ్లను కాపాడు విధము, పక్షులను డాల్ఫిన్లను లెక్కించు విధము వారు నేర్చుకొనిరి. ఘట్టములను శుభ్రపరతురు, పాఠశాలలకు పోయి బాలురకు బోధింతురు. బీదకుటుంబములకు నదిని హింసింపని జీవనోపాధి చూపుటయు ఆ ప్రయత్నములో భాగమే.

వల కోసి డాల్ఫిన్‌ను విడిచిపెట్టు జాలరి త్యాగము ఎట్టిదో యోచింపవలెను. ఆ వల అప్పు చేసి కొన్నది. కోసిన క్షణమున ప్రాణి బ్రతికినది. ఆనాటి కూడు పోయినది. అట్టివానికి తోడ్పడుటయే అభయారణ్యమునకు మొదటి కంచె.

పేరు లేనిచోట ప్రేమ

గంగాతీరమున గరుడనామము పక్షిని కాపాడినది. ఆ నామమహిమ లేనిచోట అదే పక్షి గతి యేమి? ఈ ప్రశ్నకు సమాధానము బ్రహ్మపుత్రాతీరమున దొరకును.

అస్సాముదేశము శ్రీమంత శంకరదేవులవారి భక్తిచే పునీతమైనది. ఊరూర నామఘరములు వెలసి, నామసంకీర్తనము జరుగు వైష్ణవభూమి అది. ఐనను అచ్చట ఈ పక్షికి గరుడనామము లేదు. హర్‌గిలా యని పేరు. ఎముకలు మ్రింగునది యని దాని అర్థము. పెరటిలో కుళ్లిన మాంసమును రాల్చునదనియు, అపశకునమనియు జనులు అసహ్యించుకొని, గూళ్లున్న చెట్లను కొట్టివైచుచుండిరి. 2007లో కామరూప్ జిల్లాలోని దాదరా గ్రామమున ఒక ఇంటివారు అట్లే చెట్టును కొట్టగా, తొమ్మిది పిల్లలు నేల రాలినవి. ఆ దృశ్యమును చూచిన జీవశాస్త్రజ్ఞురాలు డాక్టర్ పూర్ణిమాదేవి బర్మన్ తన పరిశోధనను వాయిదావేసి, ఆ పక్షిరక్షణకు కంకణము కట్టుకొనిరి. మొదట ఎదురైనది అపహాస్యమే. ఆమె కోపింపలేదు. ఆ ఊరి స్త్రీలను చేరదీసి, వంటలపోటీలు పెట్టి, మాటలలో మాటగ పక్షి కథ చెప్పిరి. తల్లి కాబోవు స్త్రీకి సీమంతము జరుపునట్లు, గూడుకట్టు పక్షికిని స్త్రీలు మంగళగీతములతో వేడుక చేయసాగిరి. మగ్గములపై నేసిన వస్త్రములమీద ఆ పక్షి బొమ్మను తీర్చి, దానితో జీవనమును సంపాదించుకొనుచున్నారు.

నేడు ఆ స్త్రీసంఘములో పదివేలకు పైగా సభ్యులు కలరు. ఆ గ్రామములలో 28గా నుండిన గూళ్లు 250కి మించినవి. 2022లో ఐక్యరాజ్యసమితి పర్యావరణసంస్థ ఆ విదుషీమణిని సత్కరించినది. 2023లో ఆ పక్షిని తీవ్రాపాయములో నున్న జాతుల పట్టికనుండి తొలగించి, అంతకంటె తక్కువ అపాయము గల వర్గములో చేర్చిరి. గంగాతీరపు రైతులును, బ్రహ్మపుత్రాతీరపు గృహిణులును కూడి ఒక జాతిని నాశమునుండి వెనుకకు మరల్చిరన్నచో అతిశయోక్తి కానేరదు.

ఇందలి రహస్యము వాత్సల్యము. అప్పుడే పుట్టిన దూడ వంటి మాలిన్యమును ఆవు అసహ్యింపదు. నాలుకతో నాకి శుద్ధిచేయును. భగవంతుడును ఆశ్రితుల దోషములను అట్లే చూచునని శ్రీవైష్ణవాచార్యులు వాత్సల్యగుణమును వివరించిరి. పెరటిలో పడిన పక్షిమాలిన్యమును తాము చిమ్ముకొని, గూటిలోని పిల్లను మన్నించిన ఆ స్త్రీలు వాత్సల్యమను శబ్దమునకు భాష్యము వ్రాసినవారే. దోషములను మన్నింపుమని ప్రతిదినము స్వామిని వేడు భక్తునకు, ఒక పక్షి దోషమును మన్నించు ఓర్పు లేకున్నచో ఆ ప్రార్థనకు బలమెక్కడిది?

యాత్రికునకును గృహస్థునకును

గంగాయాత్ర చేయువారు జలము తెచ్చుకొందురు. ఇంట పూజించి బంధువులకు పంచుదురు. తెచ్చుకొనిన దానిని గూర్చి శ్రద్ధ కలదు. విడిచి వచ్చిన దానిని గూర్చియు ఆ శ్రద్ధ యుండవలెను. ప్లాస్టిక్ సంచులు, చీరలు, పటములు, నూనెసీసాలు నదిలో విడిచినచో అవి స్వామిని చేరవు. తాబేటి గొంతునో, డాల్ఫిన్ ముట్టెనో చుట్టుకొనును. పుష్పములను ఘట్టమున ఏర్పరచిన తొట్టెలో ఉంచుట పూజకు లోపము కాదు. పడవ నడుపువానితో కొంత మాటాడి, డాల్ఫిన్లు ఎచ్చట కనబడునో అడిగి, దూరమునుండి దర్శించి, వానికి గౌరవముగ కూలి యిచ్చినచో, ఆ ప్రాణి బ్రతికియుండుటయే తన జీవనమని వాడు గ్రహించును.

గంగ వరకు పోలేనివారికి అవకాశము ఇంటిముంగిటనే కలదు. శ్రీకాకుళముజిల్లాలోని తేలినీలాపురమున ఏటేట వచ్చి గూళ్లుకట్టు పక్షులను ఆ గ్రామస్థులు శుభసూచకములుగ భావించి, తరతరములుగ ఇంటిబిడ్డలవలె కాపాడుచున్నారు. గోదావరి సముద్రమున కలియు కోరింగ మడ అడవులను 1978లో అభయారణ్యముగ ప్రకటించిరి. చేపలను పట్టి జీవించు నీటిపిల్లులు అచ్చట కలవు. జటాయువునకు రాముడు ఉదకమిచ్చిన నది గోదావరియే. 2027 సంవత్సరపు పుష్కరములకు ఆ తీరమున చేరు భక్తులు పితృదేవతలకు తర్పణము విడుచు వేళ, ఆ నదిని నమ్ముకొనిన ప్రాణులను స్మరించి, వానికి హాని కలిగించునది ఏదియు నీటిలో విడువమని సంకల్పించుకొనుట యుక్తము.

ఇట్టి పని ఒంటరిగ సాగునది కాదు. భజనకు గోష్ఠి యెట్లో, రక్షణకును గోష్ఠి యట్లే అవసరము. ఏకాదశినాడు భజనకు కూడు పదిమంది, నెలకొకసారి తమ ఊరి చెరువుగట్టునకో ఏటియొడ్డునకో పోయి, ఒక గంట శుభ్రపరచినను, గూళ్లున్న చెట్టును పక్షులు ఎగిరిపోవు వరకు కొట్టవలదని యజమానిని వినయముగ ప్రార్థించినను, అది సంకీర్తనమునకు కొనసాగింపే యగును. అధికారుల పని వారు చేయవలసినదే. ప్రభుత్వము చేయలేదను మాట మాత్రము భక్తుని విధిని తగ్గింపదు. రావణునితో పోరుటకు జటాయువు ఎవరి ఆజ్ఞకొరకును వేచియుండలేదు. గెలుతునో లేదో యని లెక్కవేయలేదు. ఆపదలో నున్నది స్వామి సొత్తు, తాను చెంతనున్నాడు, అంతే చాలినది.

ఆలయమున గరుడవాహనమును భుజమున మోయు భాగ్యము కొందరికే లభించును. చెట్టుమీది గరుడుని మోయు భాగ్యము ఆ చెట్టును కొట్టకుండ నిలిపిన ప్రతివానికిని కలదు. ఆ భాగ్యమును గంగాతీరపు సామాన్యులు గుర్తించిరి. జాహ్నవీతీరమున గూళ్లు నిండుగాక! అంధప్రాణికి నీరు నిర్మలమగుగాక! జాలరి గృహమున కూడు తఱుగకుండుగాక! సర్వప్రాణిశరీరుడైన శ్రీనివాసుడు ఈ కైంకర్యపరులను చిరకాలము రక్షించుగాక!